బైక్ ర్యాలీ: హోరులో కాదు.. మజా అంతా చివరి బండి దగ్గరే! క్లబ్ రైడర్లు మళ్లీ మళ్లీ ఎందుకు వెళ్తారంటే..

బైక్ ర్యాలీ అనగానే తెలుగు రాష్ట్రాల్లో ముందుగా గుర్తొచ్చేది పార్టీ జెండాలు, కండువాలు, ఆగని హారన్లు. నాయకుడు ఊళ్లోకి వస్తున్నాడంటే ముందు వంద బండ్లు, వెనక వంద బండ్లు. మధ్యలో ఇరుక్కున్న జనానికి చిరాకు. కానీ మోటార్‌సైకిల్ క్లబ్బుల వాళ్లు ర్యాలీ అనేది వేరు. అక్కడ ఎవరికీ జిందాబాద్ కొట్టే పని లేదు. సొంత ఖర్చుతో, ఆఫీసుకు సెలవు పెట్టుకుని, వందల కిలోమీటర్లు బండి నడుపుకుంటూ ఒక చోటికి చేరతారు. రెండు మూడు రోజులు ఉంటారు. మళ్లీ అంత దూరమూ వెనక్కి వస్తారు. వచ్చే ఏడాది మళ్లీ బయల్దేరతారు. ఇంతకీ అక్కడ ఏముందని?

మన దేశంలో ఇలాంటి వాటికి పెద్ద అడ్డా గోవాలోని వాగతోర్. ఎన్‌ఫీల్డ్ బండ్ల వాళ్ల రైడర్ మేనియా ఏటా జరిగేది అక్కడే. 2023 నుంచి దాని పేరు మోటోవర్స్ అయింది. అన్ని కంపెనీల బండ్లూ వచ్చే ఇండియా బైక్ వీక్ 2013లో మొదలైంది కూడా వాగతోర్‌లోనే. హైదరాబాద్ నుంచి అక్కడికి సుమారు 700 కిలోమీటర్లు. జహీరాబాద్, హుమ్నాబాద్ దాటి విజయపుర, బెళగావి మీదుగా వెళ్లి చోర్లా ఘాట్ దిగేవాళ్లు ఎక్కువ. విశాఖ వాళ్లకైతే ఒకవైపే వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. అంత దూరం వెళ్లేది పాటల కచేరీ కోసమైతే కాదు. ఆ పాటలు ఫోన్‌లోనే దొరుకుతాయి.

మొదట్లో వచ్చింది తొమ్మిది మందే!

ప్రపంచంలో బైక్ ర్యాలీ అంటే మొదట చెప్పుకునే పేరు అమెరికాలోని స్టర్జిస్. సౌత్ డకోటా రాష్ట్రంలో ఏడు వేల జనాభా ఉండే చిన్న ఊరు. 1938 ఆగస్టులో అక్కడి జాక్‌పైన్ జిప్సీస్ అనే క్లబ్ వాళ్లు, క్లారెన్స్ హోయెల్ అనే బైక్ డీలర్ ముందుండి ఒక రేస్ పెట్టారు. పోటీకి దిగింది తొమ్మిది మంది. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోల్‌కు రేషన్ పెట్టడంతో మధ్యలో ఆగింది కూడా. ఇప్పుడు ఆగస్టు వచ్చిందంటే ఆ ఊరు లక్షల మందితో నిండిపోతుంది. 2015లో 75వ ర్యాలీకి వచ్చిన వాళ్ల సంఖ్య ఏడు లక్షలు దాటింది. అంటే ఊరి జనాభాకు వంద రెట్లు!

దీనికి పూర్తిగా ఉల్టా ఉండే ర్యాలీ జర్మనీలో ఉంది. పేరు ఎలిఫాంటెన్‌ట్రెఫెన్. ఏనుగుల కలయిక అని అర్థం. జుండాప్ కంపెనీ చేసిన కేఎస్ 601 అనే సైడ్‌కార్ బండిని అక్కడి వాళ్లు ముద్దుగా పచ్చ ఏనుగు అనేవారు. 1956లో ఎర్నెస్ట్ లెవర్కూస్ అనే జర్నలిస్టు ఆ బండ్లున్న వాళ్లను చలికాలంలో ఒకచోటికి పిలిచాడు. పట్టుమని పాతిక మంది కూడా రాలేదు. ఇప్పుడు బవేరియా అడవుల్లో, జనవరి చివర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో, మంచులో గుడారాలు వేసుకుని వేల మంది ఉంటారు. హోటల్ గది లేదు, హీటర్ లేదు. గుడారం కింద గడ్డి పరుచుకోవడం, కట్టెలు తెచ్చి మంట వేసుకోవడం, ఆ మంట మీదే వండుకోవడం. వినడానికే వణుకు పుడుతోంది కదా? అయినా ఏటా వస్తారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే ఒక సంగతి తెలుస్తుంది. ర్యాలీ బాగుండటానికి వసతులు మాత్రమే కారణమైతే, మంచులో గడ్డి మీద పడుకునే ర్యాలీ ఎప్పుడో మూతపడాలి. కష్టపడి చేరిన వాళ్లు చేరగానే, అంతే కష్టపడి వచ్చిన ఇంకొకరు కనిపించడమే అక్కడి ఆనందం. మరి తొలిసారి, ఒంటరిగా వచ్చిన వాళ్లకు కూడా ఆ ఆనందం దక్కుతుందా లేదా? మంచి ర్యాలీకీ, మామూలు జాతరకీ తేడా తేలేది ఇక్కడే.

రబ్బరు బ్యాండ్ లెక్క

ర్యాలీ గేటు దగ్గర మొదలవుతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. నిజానికి అది ఇంటి దగ్గరే మొదలవుతుంది. దారి బాగా సాగకపోతే అక్కడికి చేరాక ఎంత పెద్ద కార్యక్రమం పెట్టినా ఎక్కదు. నడుము పట్టేసి, భయపడి, చిరాకుతో చేరిన మనిషి గదిలో పడి నిద్రపోతాడు, అంతే.

పది బండ్లు వరుసగా వెళ్తున్నాయనుకోండి. ముందు బండి 80 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఒక లారీ అడ్డొచ్చింది. ముందు ముగ్గురు ఓవర్‌టేక్ చేసి వెళ్లిపోయారు. మిగతా వాళ్లు ఆగారు. దారి దొరికాక ముందువాళ్లను అందుకోవాలంటే వీళ్లు 80లో వెళ్తే సరిపోదు. తర్వాత ఒక స్పీడ్ బ్రేకర్, ఇంకో ఊరు, గేదెల మంద. ప్రతిసారీ వరుస సాగుతుంది, మళ్లీ ముడుచుకుంటుంది. రబ్బరు బ్యాండ్ లాగా అన్నమాట. ముందున్నాయన తాపీగా 80లో పాటలు పాడుకుంటూ వెళ్తుంటే, చివరి మనిషి 100, 110లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడుపుతుంటాడు. సాధారణంగా ఆ చివర్లో ఉండేది ఎవరు? కొత్తవాళ్లే! మొహమాటంతో వెనక నిలబడతారు కాబట్టి.

అందుకే అనుభవం ఉన్న క్లబ్బులు దీన్ని తిరగేస్తాయి. ముందుండే లీడ్ రైడర్ వెనక రెండో స్థానం కొత్తవాళ్లకు ఇస్తారు. లీడ్ అద్దంలో వాళ్లను చూసుకుంటూ వేగం పెడతాడు. అందరికంటే నెమ్మదిగా నడిపేవాళ్ల వేగమే గుంపు వేగం. అందరికంటే బాగా నడిపే మనిషి మాత్రం చివర్లో ఉంటాడు. ఆయన్నే స్వీప్ అంటారు. పంక్చర్ కిట్, ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఆయన దగ్గరే. ఆయన కంటే వెనక మన బండి ఒక్కటి కూడా ఉండకూడదు. ఎవరి బండి ఆగినా ఆయన ఆగుతాడు. ఈ ఒక్క మాట ముందే తెలిస్తే చాలు, కొత్తగా వచ్చిన వాళ్ల భుజాల మీద సగం బరువు దిగిపోతుంది. వెనకబడ్డా ఎవరో ఉన్నారన్న ధైర్యం అది.

మలుపుల దగ్గర ఇంకో పద్ధతి ఉంది. దారి చీలే చోట, లీడ్ వెనకున్న రైడర్ పక్కకు ఆగి చెయ్యి చూపిస్తాడు. వెనక వచ్చే వాళ్లందరూ ఆ చెయ్యి చూసి తిరుగుతారు. స్వీప్ కనిపించగానే ఆగిన మనిషి ఆయనకు ముందు వరుసలో కలుస్తాడు. తర్వాతి మలుపు దగ్గర ఇంకొకరి వంతు. దీనివల్ల ఎవరికీ ముందు బండిని తరుముతూ పోవాల్సిన అవసరం ఉండదు. మ్యాప్ చూడక్కర్లేదు, ఫోన్ తియ్యక్కర్లేదు. పొలాలు చూసుకుంటూ వెళ్లొచ్చు.

రెండు సెకన్ల దూరం సంగతి కూడా చాలామందికి తెలుసు గానీ లెక్క తెలీదు. 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. అంటే ముందు బండికీ మీకూ మధ్య కనీసం 44 మీటర్లు ఉండాలి. రీల్స్‌లో కనిపించే, హ్యాండిల్‌కు హ్యాండిల్ ఆనించి పక్కపక్కన వెళ్లే దృశ్యాలు చూడటానికే బాగుంటాయి. మంచి రోడ్డు మీద ఒకరు ఎడమవైపు, వెనకాయన కుడివైపు, అలా అడ్డదిడ్డంగా కాకుండా జిగ్‌జాగ్ వరుసలో వెళ్లడం పద్ధతి. ఘాట్ రోడ్డులో అదీ ఉండదు, ఒకరి వెనక ఒకరే.

పెట్రోల్ బంకుల దగ్గర ఎక్కడ ఆగాలన్నది చిన్న ట్యాంకు ఉన్న బండి నిర్ణయిస్తుంది. టీకి ఎక్కడ ఆగాలన్నది మాత్రం పెద్దవాళ్ల మోకాళ్లు నిర్ణయిస్తాయి. 80, 100 కిలోమీటర్లకోసారి దిగి కాళ్లు సాచుకోవాల్సిందే. హైదరాబాద్ వాళ్లకు బయల్దేరేటప్పుడే ఇంకో తలనొప్పి కూడా ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ క్యారేజ్‌వే మీదికి టూవీలర్లను రానివ్వరు. కాబట్టి అందరూ ఊరి బయట ఏదో ఒక బంకు దగ్గర కలుసుకుని అక్కడి నుంచి కదలాలి. ఆదివారం తెల్లవారుజామున అనంతగిరి వైపు వెళ్లే టిఫిన్ రైడ్లలో ఇవన్నీ అలవాటైన వాళ్లకు గోవా దారి అంత భయపెట్టదు.

అసలు స్టేజీ.. పార్కింగే!

గేటు దాటి లోపలికి వెళ్లాక అందరికంటే ఎక్కువ జనం ఎక్కడ ఉంటారో గమనిస్తే ఆశ్చర్యమే. స్టేజీ దగ్గర కాదు, టీ షర్టుల కౌంటర్ దగ్గరా కాదు. బండ్లు పెట్టిన చోట. ఒకాయన మోకాలి మీద కూర్చుని వేరే వాళ్ల ఇంజిన్ చూస్తుంటాడు. బండి ఓనర్ పరిగెత్తుకొస్తాడు, గొడవకు కాదు.. చెప్పడానికి! లగేజ్ క్యారియర్ ఎక్కడ చేయించారు, చైన్‌కు ఏ ఆయిల్ వాడుతున్నారు, ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగింది. పేరు అడగకముందే అరగంట గడిచిపోతుంది. కొత్త మనుషులతో మాట కలపడానికి మొహమాటపడే వాళ్లకు కూడా బండి మధ్యలో ఉంటే మాట దానంతట అదే వస్తుంది.

పాత బండ్ల మీట్‌లలో ఇది మరీ ఎక్కువ. మన దేశంలో జావా, ఎజ్డీ అభిమానులు ఏటా జూలై రెండో ఆదివారం జావా ఎజ్డీ డే అని కలుస్తారు. మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఆ పేర్లతో కొత్త కంపెనీ 2018 తర్వాత మళ్లీ బండ్లు తెచ్చినా, వాటి పార్టులు పాతవాటికి సరిపోవు. కాబట్టి ఇంట్లో తాతగారి బండి పెట్టుకున్న కుర్రాడికి ఈ మీట్ పండగ మాత్రమే కాదు, ఒక అవసరం. ఏ ఊళ్లో ఏ మెకానిక్ ఇంకా పని చేస్తున్నాడు, సైలెన్సర్ ఎవరి దగ్గర దొరుకుతుంది, పెట్రోల్‌లో ఆయిల్ ఎంత కలపాలి.. ఇవన్నీ తెలిసేది అక్కడే. ఆ బండ్లలో కిక్ రాడ్, గేర్ రాడ్ రెండూ ఒకటే. స్టార్ట్ చేశాక అదే రాడ్‌ను ముందుకు తిప్పితే గేర్ అవుతుంది. తొలిసారి చూసినవాళ్లు నోరెళ్లబెట్టడం, ఓనర్ ముప్పయ్యోసారి చేసి చూపించడం.. ఆ ముసలాయన మొహంలో సంతోషం చూడాలి.

దీన్ని అర్థం చేసుకున్న నిర్వాహకులు పార్కింగ్‌ను నీడ ఉన్న చోట, నడిచి తిరగడానికి వీలుగా, తాగునీళ్లకూ టీకీ దగ్గరగా పెడతారు. అర్థం కానివాళ్లు కిలోమీటరు దూరంలో ఎండ గ్రౌండ్‌లో పెట్టించి తాళాలు వేయిస్తారు. ర్యాలీ గుండెకాయను బయట వదిలేసి రమ్మన్నట్టే.

నెమ్మదిగా వెళ్లినవాళ్లే గెలుస్తారు

ఆటల్లో రేసులకు జనం వస్తారు. కానీ అందరూ నవ్వేది స్లో రేస్ దగ్గరే. నియమం చాలా సింపుల్. చివరగా గీత దాటినవాళ్లు విజేత. కాలు కింద పెడితే అవుట్, పక్క గీత తొక్కితే అవుట్. నాలుగైదు లక్షల బండి మీద వచ్చిన వస్తాదు మూడు మీటర్లకే కాలు పెట్టేస్తాడు. పాత బండి మీద వచ్చిన పోస్ట్‌మ్యాన్ లాంటి మనిషి సర్కస్‌లో తీగ మీద నడిచినట్టు గెలిచేస్తాడు. క్లచ్ సగం పట్టి, వెనక బ్రేక్ మీద కాలు ఆనించి, చూపు టైరు మీద కాకుండా దూరంగా పెట్టడమే ఇందులో కిటుకు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఏళ్ల తరబడి నలిగినవాళ్లకు ఇది పుట్టుకతో వచ్చిన విద్య!

రైడర్ మేనియాలో ఇలాంటివే ఇంకొన్ని పేరు పడ్డాయి. బండి పార్టులు విప్పి మళ్లీ బిగించే పోటీ ఒకటి. నలుగురైదుగురు కలిసి బండిని మోసుకుంటూ పరిగెత్తే పోటీ ఇంకొకటి. వీటిలో ఖరీదైన బండికి లాభం లేదు, వేగానికి లాభం లేదు. టీమ్‌లో ఒక మనిషి తక్కువైతే పక్కన నిలబడ్డ వాళ్లను పిలుస్తారు. ఒంటరిగా వచ్చిన వాళ్లు అలా ఒక్కసారి బండి మోస్తే చాలు, ఆ రాత్రి భోజనం ఎవరితో అన్న ప్రశ్న ఉండదు.

తిండి, నీళ్లు, బాత్రూమ్

పోస్టర్ల మీద కనిపించని విషయాలివి. కానీ వచ్చినవాళ్లు ఇంటికెళ్లాక మొదట తిట్టేది వీటి గురించే. రాత్రి పదింటికి చేరిన గుంపుకు వేడి అన్నం దొరకాలి. ఎండలో వచ్చినవాళ్లకు గేటు దగ్గరే మజ్జిగో, నిమ్మరసమో ఇస్తే ఆ క్లబ్ పేరు పదేళ్లు గుర్తుంటుంది. ఆడవాళ్ల విషయంలో ఇంకా చాలా ర్యాలీలు వెనకబడే ఉన్నాయి. మహిళా రైడర్ల కోసం 2011లో బైకర్నీ అనే సంఘం మొదలైంది, తర్వాత హైదరాబాద్ సహా చాలా నగరాలకు పాకింది. అయినా వందల మంది వచ్చే చోట ఆడవాళ్లకు సరైన బాత్రూమ్‌లు, జాకెట్ మార్చుకోవడానికి గది, లైట్లున్న దారి ఉండవు. మళ్లీ అదే నిర్వాహకులు ఆడవాళ్లు ఎక్కువగా రావడం లేదంటారు. వెనక సీటు మీద వచ్చిన భార్యనో చెల్లెలినో రోజంతా కుర్చీలో కూర్చోబెట్టే ర్యాలీకి రెండోసారి ఆ కుటుంబం రాదు. వాళ్లకూ ఏదో ఒక పని, ఒక ఆట ఉండాలి.

మందు సంగతి

రాత్రి మంట చుట్టూ కూర్చున్నప్పుడు మందు ఉండదని ఎవరూ నమ్మరు. ప్రశ్న ఏంటంటే, తాగిన తర్వాత తాళం చేతిలో ఉందా లేదా అన్నది. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే డ్రంక్ అండ్ డ్రైవ్ కేసే. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు, 10 వేల దాకా జరిమానా పడొచ్చు. అందుకే బాగా నడిచే ర్యాలీల్లో పడక కార్యక్రమం జరిగే చోటే ఉంటుంది. హోటల్ ఎనిమిది కిలోమీటర్ల దూరంలో బుక్ చేస్తే, అర్ధరాత్రి చీకటి రోడ్డు మీద ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. ముందే గేటు దగ్గర తాళాలు తీసుకుని పొద్దున ఇచ్చే పద్ధతి పెడితే మొదట అందరూ సణుగుతారు. పొద్దున టీ తాగుతూ ఎవరూ సణగరు.

ఊరివాళ్లు కూడా ఉన్నారు

సైలెన్సర్ మార్పించి డబడబలాడించడమే క్లబ్ అనుకునే వాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. తెలుగు రాష్ట్రాల్లో పోలీసులు అలాంటి సైలెన్సర్లను పట్టుకుని రోడ్డు రోలర్ కింద తొక్కించిన దృశ్యాలు టీవీల్లో చాలాసార్లు వచ్చాయి. అరకు, లంబసింగి లాంటి చోట్లకు వెళ్లే గుంపులకు ఇది ఇంకా ముఖ్యం. తెల్లవారుజామున నలభై బండ్లు ఒకేసారి ఊళ్లో నుంచి రేస్ చేసుకుంటూ పోతే ఆ ఊరివాళ్లు ఒక్కసారి ఊరుకుంటారు, రెండోసారి ఊరుకోరు. స్టర్జిస్ ఏడు వేల మంది ఊరు అన్ని లక్షల మందిని భరిస్తోందంటే దానికి ఒక కారణం, ఆ వారం పది రోజుల్లో ఊరికి వచ్చే ఆదాయం. లంబసింగిలో టీ కొట్టు నడిపే ఆమెకు నాలుగు డబ్బులు మిగిల్చి, చెత్త తమతో పట్టుకుపోయే గుంపుకు మర్యాద వేరు. అలాంటి వాళ్లను మళ్లీ ఎప్పుడొస్తారని అడుగుతారు కూడా.

మంచి పని కోసం చేసే రైడ్లు కూడా ఉన్నాయి. 2012లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో మొదలైన డిస్టింగ్విష్డ్ జెంటిల్‌మన్స్ రైడ్‌కు పాత మోడల్ బండ్ల మీద సూటూ బూటూ వేసుకుని వస్తారు. మగవాళ్లకు వచ్చే ప్రోస్టేట్ క్యాన్సర్, మానసిక ఆరోగ్యం కోసం విరాళాలు సేకరిస్తారు. హైదరాబాద్‌లో కూడా ఏటా జరుగుతోంది. సూటు వేసుకున్న మనిషి ట్రాఫిక్‌లో ఎవరి మీదా అరవడు మరి.. అదొక లాభం.

తిరుగు ప్రయాణం

ర్యాలీల్లో ఎవరూ సరిగ్గా ప్లాన్ చెయ్యనిది ఇదే. వెళ్లేటప్పుడు లీడ్, స్వీప్, మలుపుల దగ్గర మనుషులు.. అన్నీ ఉంటాయి. ఆదివారం పొద్దున మాత్రం ఎవరికి తోచినప్పుడు వాళ్లు బయల్దేరతారు. రెండు రాత్రులు నిద్ర లేదు. సోమవారం ఆఫీసుకు వెళ్లాలన్న తొందర. 700 కిలోమీటర్లు ఒకే రోజులో లాగేద్దామన్న మొండితనం. మధ్యాహ్నం అన్నం తిన్నాక, విజయపుర దాటిన తర్వాత తిన్నగా సాగే రోడ్డు మీద కళ్లు మూతలు పడేది అప్పుడే.

అందుకే కొన్ని క్లబ్బులు సోమవారం కూడా సెలవు పెట్టగలిగిన వాళ్లనే దూరం ర్యాలీలకు రమ్మంటాయి. దారిలో ఒక రాత్రి ఆగడం తప్పనిసరి చేస్తాయి. అసలు నడపలేని పరిస్థితిలో ఉన్నవాళ్ల బండిని ట్యాంకులో పెట్రోల్ ఖాళీ చేసి రైలు పార్సిల్‌లో వేసి, మనిషిని బస్సెక్కిస్తారు. అందులో నామోషీ ఏమీ లేదని ముందే చెబుతారు.

ఇంటికి చేరగానే గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాలి. "ఇల్లు చేరాను" అని, అంతే. స్వీప్ రైడర్ ఒక్కో పేరూ టిక్ పెట్టుకుంటూ కూర్చుంటాడు. ఎవరిదైనా రాకపోతే ఫోన్ చేస్తాడు. ఎత్తకపోతే ఇంట్లోవాళ్లకు చేస్తాడు. చివరి పేరుకు టిక్ పడ్డాక, అప్పుడు ఫొటోలు మొదలవుతాయి.